ఇంట్లో నాలుగు పిల్లులు, గోడల మీద మూత్రపు గుర్తులు: ఎందుకు చిమ్ముతాయి, ఎలా ఆపాలి?

రెండు మూడు పిల్లులున్న ఇంట్లో ఒక్కోసారి సోఫా వెనక గోడ మీద, కర్టెన్ అంచున, చెప్పుల స్టాండు పక్కన ముక్కు పగిలే వాసన మొదలవుతుంది. ఫినాయిల్ పోసి కడుగుతారు. రెండు రోజుల్లో అదే చోట మళ్లీ తడి కనిపిస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లకు ఏదో ఒక పిల్లి మీద అనుమానం వస్తుంది. దాని మూతిని ఆ తడిలో రుద్దడం, చీపురు పట్టుకుని తరమడం, చివరికి గోనెసంచిలో పెట్టి ఊరవతల వదిలి రావడం దాకా వెళ్తుంది వ్యవహారం. అద్దె ఇళ్లలోనైతే ఓనరుతో గొడవలు, అడ్వాన్సులో కోతలు అదనం. పెంపుడు పిల్లులను యజమానులు వదిలించుకోవడానికి చెప్పే కారణాల్లో ఇంట్లో మూత్రం పోయడం ఏ దేశంలోనైనా ముందు వరుసలోనే ఉంటుంది.

అయితే ఈ తడిని ఒక్క పిల్లి తప్పుగా చూస్తే సమస్య తీరదు. బ్రెజిల్, బ్రిటన్ పరిశోధకులు కలిసి ఇలాంటి ఇళ్లలోని పిల్లుల మలంలో ఒత్తిడి హార్మోన్ల ఆనవాళ్లను కొలిచారు. మూత్రం చిమ్మే పిల్లి ఉన్న ఇళ్లలో ఆ స్థాయి ఎక్కువగా కనిపించింది. విశేషం ఏమిటంటే, ఆ ఇళ్లలోనే ఉంటూ ఎక్కడా చిమ్మని పిల్లుల్లోనూ దాదాపు అంతే ఉంది. ఒకటి గోడ మీద బయటపెడుతోంది, మరొకటి కిక్కురుమనకుండా భరిస్తోంది. కాబట్టి ‘దొంగ’ను పట్టుకుని బయటకు పంపినంత మాత్రాన మిగిలినవి కుదుటపడతాయన్న భరోసా లేదు. చూడాల్సింది ఆ ఇంటిని ఆ పిల్లులు ఎలా పంచుకుంటున్నాయన్నది.

చిమ్మడం వేరు, పోయడం వేరు

ట్రే బయట మూత్రం కనిపించగానే అన్నిటికీ ఒకటే మందు అనుకోవడం మొదటి పొరపాటు. హద్దు గుర్తు పెట్టే పిల్లి సాధారణంగా నిలబడే ఉంటుంది. గోడకో, తలుపుకో, బీరువాకో వీపు చూపించి, తోకను నిటారుగా లేపుతుంది. తోక కొస సన్నగా వణుకుతుంది, వెనక కాళ్లతో నేలను తొక్కుతున్నట్టు కదులుతుంది. మూత్రం కొంచెమే, అదీ నిలువుగా ఉన్న దాని మీద, జానెడు రెండు జానల ఎత్తులో పడి కిందికి కారుతుంది. ఇలా చిమ్మే పిల్లి మామూలు అవసరానికి తన ట్రేలోకే వెళ్తుంది.

ట్రే నచ్చకో, ఒంట్లో బాగోలేకో బయట పోసే పిల్లి సంగతి వేరు. అది చతికిలబడి కూర్చుంటుంది. పరుపు మీదో, ఉతకాల్సిన బట్టల కుప్ప మీదో, డోర్‌మ్యాట్ మీదో పెద్ద మడుగు చేస్తుంది. ఈ తేడా నూటికి నూరుపాళ్లు పనిచేసే కొలబద్ద కాదు. కూర్చుని కూడా గుర్తులు పెట్టే పిల్లులుంటాయి. నిలబడి ట్రేలోనే పోసేవీ ఉంటాయి, గట్టు మీదుగా గోడకు తగిలితే చిమ్మిందనే అనిపిస్తుంది. అయినా తొలి అంచనాకు ఎంత పడింది, ఎక్కడ పడింది అన్న రెండు ప్రశ్నలు బాగానే ఉపయోగపడతాయి.

ఏ పిల్లి చేస్తోందో తెలియనప్పుడు పాత ఫోనును కెమెరాగా మార్చి ఆ మూలన పెట్టడం అన్నిటికన్నా చవకైన దారి. పశువైద్యులు ఫ్లోరెసీన్ అనే రంగును ఒక్కో పిల్లికి విడివిడిగా ఇచ్చి, అతినీలలోహిత దీపం కింద ఏ మరక మెరుస్తోందో చూసి కూడా తేలుస్తారు. తెలుసుకోవడం చికిత్స కోసమే, శిక్ష కోసం కాదు. తిట్టినా కొట్టినా పిల్లికి ఇల్లు మరింత భయం పుట్టించే చోటవుతుంది. భయం పెరిగితే గుర్తులూ పెరుగుతాయి.

పులి చెట్టుకు, పిల్లి గోడకు

మనకు దుర్వాసనగా తోచేది పిల్లికి చిరునామా. నల్లమలలోనైనా తడోబాలోనైనా పులి చెట్టుకు వీపు చూపించి, తోకెత్తి కాండం మీదికి ద్రవం చిమ్ముతుంది. దీన్ని మన దేశంలో శ్రద్ధగా పరిశీలించినవారు కోల్‌కతాకు చెందిన జీవరసాయన శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి. ఒడిశాలోని సిమ్లిపాల్‌లో అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1970లలో ఇంట్లో పెంచిన ఖైరీ అనే ఆడపులి ఆయన పరిశోధనకు తోడ్పడింది. పులి చిమ్మే ద్రవంలో బాస్మతి బియ్యానికి ఆ సువాసననిచ్చే అణువే ఉందని ఆయన బృందం ప్రకటించింది.

ఇంటి పిల్లి దగ్గర బాస్మతి ఘుమఘుమలేమీ ఉండవు. దాని మూత్రంలో ఫెలినైన్ అనే గంధకం కలిసిన అమైనో ఆమ్లం ఉంటుంది. దాని తయారీలో కాక్సిన్ అనే ప్రోటీన్ పాత్రను జపాన్ శాస్త్రవేత్తలు 2006లో వివరించారు. ఫెలినైన్ విడిపోయే కొద్దీ ఘాటైన గంధక పదార్థాలు పుడతాయి. తాజా తడి కంటే కొన్ని గంటలు గడిచిన మరక ఎక్కువ కంపు కొట్టడానికి కారణం ఇదే. ఆపరేషన్ కాని గండుపిల్లిలో ఫెలినైన్ అన్నిటికన్నా ఎక్కువ. చిమ్మిన గుర్తు ‘ఇటుగా వెళ్లింది ఎవరు, ఎంతసేపైంది’ అన్న కబురును ఆ పిల్లి అక్కడ లేనప్పుడు కూడా చెబుతూనే ఉంటుంది. ముఖాముఖి కొట్లాట తప్పించుకోవడానికి ఇదొక ఏర్పాటు. వాసనతో హద్దు చెప్పుకునే జీవుల పట్ల మన తీర్పు అన్నిసార్లూ ఒకేలా ఉండదు కూడా. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత వాడే పునుగు తైలానికి మూలం పునుగుపిల్లి గ్రంథుల స్రావం. ఆ జంతువు పిల్లి కుటుంబానిది కాదు, ఆ స్రావం మూత్రమూ కాదు. కానీ కర్రకు రాసి తన ఉనికిని చెప్పుకోవడంలో రెండింటి ఉద్దేశం ఒకటే.

ముందు ఆపరేషన్, ఆపైన మూత్ర పరీక్ష

గండుపిల్లికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించకుండా మిగతా ఉపాయాలన్నీ చేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పెద్దయ్యాక ఆపరేషన్ చేసిన గండుపిల్లుల్లో 10లో 9కి దగ్గరగా చిమ్మడం మానేశాయని లేదా బాగా తగ్గించాయని అమెరికాలో 1973లోనే తేలింది. కొన్నిటిలో వెంటనే, కొన్నిటిలో నెలల మీద తగ్గుతుంది. అయిదారు నెలల వయసులోనే చేయిస్తే అలవాటు పడక ముందే పని అయిపోతుంది. ఆడ పిల్లులూ చిమ్ముతాయి, ముఖ్యంగా ఎదలో ఉన్నప్పుడు. ‘ఒక్క కాన్పు అయ్యాక చేయిద్దాం’ అన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. దానివల్ల పిల్లి ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు, ఇంట్లో ఇంకో నాలుగు పిల్లులు చేరడం తప్ప.

ఆపరేషన్‌తో అన్నీ ఆగిపోవు. చిన్నప్పుడే ఆపరేషన్ అయిన మగ పిల్లుల్లో సుమారు 10 శాతం, ఆడ పిల్లుల్లో 5 శాతం పెద్దయ్యాక చిమ్ముతాయని 1984 నాటి మరో అమెరికా అధ్యయనం లెక్క తేల్చింది. ఇంట్లో పిల్లుల సంఖ్య పెరిగే కొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ కొద్ది శాతం గురించే.

దానికి ముందు ఒక హెచ్చరిక. పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, చుక్క చుక్కగా పోస్తూ, అరుస్తూ, మూత్రద్వారాన్ని అదేపనిగా నాకుతూ, ఎర్రగా పోస్తూ ఉంటే అది హద్దుల గొడవ కాదు. మగ పిల్లుల్లో మూత్రనాళం సన్నగా ఉంటుంది, చిన్న రాయి గానీ జిగురు ముద్ద గానీ అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అలా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ‘రేపు చూద్దాం’ అనుకోకుండా అర్ధరాత్రి అయినా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాల్సిన పరిస్థితి ఇది. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క వేయడం మరింత ప్రమాదం, ఆ మందు పిల్లికి విషం. ముక్కడం వంటివేమీ లేకపోయినా, కొత్తగా చిమ్మడం మొదలుపెట్టిన పిల్లికి మూత్ర పరీక్ష ఒకసారి చేయించడం మేలు.

గుర్తు ఎక్కడ పడిందో అక్కడే జవాబు

కాగితం మీద ఇంటి నమూనా గీసి, తడి కనిపించిన ప్రతిచోటా చుక్క పెడితే వారం పది రోజుల్లో ఒక ఆకారం తేలుతుంది. చుక్కలన్నీ ముఖద్వారం దగ్గర, కిటికీల కింద, బాల్కనీ తలుపు పక్కన ఉంటే గొడవ బయటి పిల్లితో. హాలు నుంచి పడక గదికి వెళ్లే ఇరుకు దారిలో, మెట్ల మీద, అన్నం గిన్నెలకు వెళ్లే మలుపులో ఉంటే తగువు ఇంట్లోదే. ఊరి నుంచి తెచ్చిన సంచి, చుట్టాల చెప్పులు, కొత్త మంచం, వేడెక్కే టీవీ సెట్‌టాప్ బాక్సు మీద పడితే కొత్త వాసనో, మారిన వాసనో దాన్ని కలవరపెడుతోందని అర్థం.

మన నగరాల్లో మొదటి రకం చాలా ఎక్కువ, దానికి ఇంటివాళ్ల దయాగుణమే తరచూ కారణం కావడం విచిత్రం. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు అపార్టుమెంట్లలో వీధి పిల్లులకు గుమ్మం ముందే అన్నం పెట్టేవారు ఎందరో. వారి ఇళ్లలోనే నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లులూ ఉంటాయి. లోపలున్నవి రోజూ రెండు పూటలా గాజు తలుపు అవతల పరాయి గండుపిల్లి మెక్కడం చూస్తాయి, అది చిమ్మిపోయిన వాసన తలుపు కింద నుంచి లోపలికి వస్తుంది. వెళ్లి తరమలేవు. కాబట్టి తలుపుకు ఇవతల తామూ చిమ్ముతాయి, లేదా ఆ కోపం పక్కనున్న సొంత తోడు మీద తీర్చుకుంటాయి. అంతదాకా ఒకే దుప్పట్లో పడుకున్న రెండు పిల్లులు ఒక్కరోజులో బద్ధశత్రువులైపోవడానికి ఇలాంటి సంఘటనే కారణం కావచ్చు.

వీధి పిల్లులకు తిండి మానేయాల్సిన పని లేదు. పెట్టే చోటును సెల్లార్‌కో, ప్రహరీ అవతలకో మార్చి, వాటికీ ఆపరేషన్ చేయించే ఏర్పాటు చూస్తే ఇరువైపులా మేలు. కిటికీ అద్దం కింది సగానికి పాలరంగు ఫిల్మ్ గానీ కాగితం గానీ అంటించాలి. గుమ్మం బయటి గోడను కూడా కడగాలి. చాలామంది లోపల మాత్రమే కడిగి ఊరుకుంటారు.

ఒక ఒరలో రెండు కత్తులు

ఇంట్లోపలి తగువు కనిపెట్టడం కష్టం. పిల్లుల వైరం కుక్కల కొట్లాటలా చప్పుడు చేయదు. ఒకటి నడవా మధ్యలో పడుకుని కన్నార్పకుండా చూస్తుంది, రెండోది వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోతుంది. ఇంటివాళ్లకు ‘అబ్బ, ఎంత బుద్ధిగా పడుకుందో’ అనిపిస్తుంది. నిజానికి ట్రేకి వెళ్లే దారిని అది కాపలా కాస్తోంది. పిల్లలుగా ఉన్నప్పుడు కలిసి ఆడుకున్నవి రెండు మూడేళ్లు వచ్చేసరికి ఎడమొహం పెడమొహం కావడమూ మామూలే. ఏది ఏదాన్ని నాకుతోంది, ఏవి ఒళ్లు తగిలేలా పడుకుంటున్నాయి, ఏది వస్తే ఏది లేచిపోతోంది అని కొన్నాళ్లు గమనిస్తే నాలుగు పిల్లుల ఇంట్లో నిజానికి రెండు మూడు కుటుంబాలు కాపురం ఉన్నాయని తెలుస్తుంది.

అప్పుడు చేయాల్సింది అన్నదమ్ముల వాటాల పంపకం లాంటిది. తిండి, నీళ్లు, ట్రే, పడక, ఎత్తైన చోటు ప్రతి ముఠాకూ విడిగా ఉండాలి. ఒకరి కంట పడకుండా మరొకరు వాటిని చేరగలగాలి. ట్రేల విషయంలో పశువైద్యులు చెప్పే లెక్క: పిల్లులు ఎన్నో అన్ని, పైన ఒకటి. నాలుగు పిల్లులకు అయిదు ట్రేలు. అయిదింటినీ బాల్కనీలో వరసగా పెడితే పిల్లి దృష్టిలో అవన్నీ కలిపి ఒక్కటే. ఆ తలుపు దగ్గర ఒక పిల్లి కూర్చుంటే అయిదూ మూతపడ్డట్టే. రెండు పడకగదుల ఇంట్లో అయిదు ట్రేలు ఎక్కడ పెడతామన్న ప్రశ్న సబబైనదే. మూడైనా సరే, మూడు వేర్వేరు చోట్ల ఉంటే వరసన పెట్టిన అయిదింటికన్నా నయం.

ట్రే పొడవు ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత ఉంటుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. దుకాణాల్లో అమ్మే ట్రేలు చాలావరకు ఇంతకన్నా చిన్నవి. బట్టలు దాచే పెద్ద ప్లాస్టిక్ టబ్బును ఒకవైపు కోసి వాడుకోవచ్చు. మూత ఉన్న ట్రే లోపలికి వెళ్లిన పిల్లికి ఎవరు వస్తున్నారో కనిపించదు, తప్పించుకునే దారీ ఉండదు. అందుకే గొడవలున్న ఇంట్లో మూత తీసేయడం మంచిది. లిట్టర్ పరిమళం లేనిది, ముద్దకట్టే మట్టి రకం అయితే ఎక్కువ పిల్లులు ఇష్టపడతాయి. రోజుకు ఒకసారైనా ముద్దలు ఎత్తేయాలి. ఇదేదో చాదస్తం కాదు. ట్రేలను రోజూ శుభ్రం చేసి, మరకలను సరైన ద్రావణంతో కడిగితేనే చిమ్మడం తగ్గిందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2001లో చూపించారు.

ఇల్లు చిన్నదైతే ఎత్తు కలిసొస్తుంది. తెలుగువారి ఇళ్లలో వంటగది మీదో, పడకగదిలోనో ఉండే సజ్జ దీనికి భలే పనికొస్తుంది. పాత అట్టపెట్టెలు, ట్రంకులు కాస్త జరిపి, ఎక్కడానికి రెండు చెక్కలు బిగించి, దిగడానికి వేరే దారి ఉంచితే ఒక గది అదనంగా కట్టినట్టే. దిగే దారి ముఖ్యం. ఒకే దారి ఉన్న సజ్జ ఓడిన పిల్లికి జైలవుతుంది.

కొత్త పిల్లిని తెచ్చేవారు మొదటి రోజే నడింట్లో వదిలి ‘అవే సర్దుకుంటాయి’ అనుకోవడం వల్ల చాలా ఇళ్లలో గుర్తులు మొదలవుతాయి. కొత్తదాన్ని ముందు ఒక గదిలో విడిగా ఉంచాలి. ఒకదాని పక్కగుడ్డను మరొకదాని దగ్గర వేసి వాసన పరిచయం చేయాలి. మూసిన తలుపుకు అటూ ఇటూ అన్నం పెట్టాలి. తర్వాత వల తలుపు గుండా చూపులు, ఆ తర్వాతే కలయిక. దీనికి వారాలు పట్టొచ్చు. తొందరపడితే పోగొట్టుకునేది నెలలు.

ఫినాయిల్ ఎందుకు పనిచేయదు?

ఫినాయిల్ మన ముక్కును మోసం చేస్తుంది, పిల్లి ముక్కును కాదు. పైగా ఘాటైన కొత్త వాసన వస్తే దాని మీద మళ్లీ తన గుర్తు వేయాలనిపిస్తుంది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే అవి ఒంట్లోకి వెళ్తాయి. అమ్మోనియా కలిసిన క్లీనర్లు మూత్రపు వాసననే గుర్తుచేస్తాయి. బ్లీచింగ్ ద్రావణం నేరుగా మూత్రం మీద పోస్తే ఊపిరితిత్తులను మండించే క్లోరమీన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అది మనుషులకే ప్రమాదం.

తడిని ముందు పొడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. పెంపుడు జంతువుల మరకల కోసం అమ్మే ఎంజైమ్ ద్రావణం దొరికితే సరే. లేకపోతే ప్యాకెట్ మీద ఎంజైములున్నాయని రాసి ఉన్న బట్టల సబ్బుపొడిని నీళ్లలో పదో వంతు కలిపి కడగాలి, మంచినీళ్లతో తుడవాలి, ఆరాక సర్జికల్ స్పిరిట్ పల్చగా చల్లి పూర్తిగా ఆరనివ్వాలి. స్పిరిట్ వాడేటప్పుడు స్టవ్, అగరొత్తులు, దీపం దగ్గర ఉండకూడదు. రంగు పోతుందేమో ఒక మూలన పరీక్షించుకోవాలి. కడిగాక అదే చోట అన్నం గిన్నెనో పడకనో పెడితే పిల్లి అక్కడ చిమ్మడానికి వెనకాడుతుంది. గోడ పెచ్చులూడి మూత్రం ఇంకిపోయి ఉంటే ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు, సున్నమో పెయింటో వేయించాల్సిందే.

ఇంకా ఆగకపోతే

పిల్లి బుగ్గలు రాసుకునేటప్పుడు వదిలే వాసన పదార్థాన్ని పోలిన కృత్రిమ ఫెరోమోన్లు ప్లగ్గులో పెట్టే సీసాల రూపంలో వస్తాయి. చిమ్మడం విషయంలో ఉత్తుత్తి మందుకన్నా ఇవి మెరుగేనని, ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ మందులూ పనిచేస్తాయని 2011లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఒక విశ్లేషణ తేల్చింది. ఫెరోమోన్ల మీద అంత నమ్మకం లేని నిపుణులూ ఉన్నారు. సీసా ఖరీదు చూస్తే ట్రేలు, సజ్జ, కిటికీ పని పూర్తయ్యాకే వాటి జోలికి వెళ్లడం తెలివైన పని. ఫ్లూఆక్సెటిన్ మనుషులకు వాడే మందే. అలాగని మందుల షాపులో కొని సొంతంగా వేయకూడదు. మోతాదు పశువైద్యులే చెప్పాలి. పనిచేయడానికి వారాలు పడుతుంది, హఠాత్తుగా ఆపేస్తే చాలా పిల్లులు మళ్లీ మొదలుపెడతాయి.

అన్నీ చేసినా కొన్ని పిల్లులు కలిసి బతకలేవు. అలాంటప్పుడు ఒకదాన్ని వేరే పిల్లులు లేని ఇంటికి, విషయం దాచకుండా చెప్పి ఇవ్వడం తప్పేమీ కాదు. కొత్త చోట పోటీ లేకపోవడంతో చిమ్మడం మానేసే పిల్లులు చాలా ఉన్నాయి. గోనెసంచి దారి మాత్రం వేరు. ఇంట్లో పెరిగిన పిల్లికి వేట రాదు, దింపిన చోట అప్పటికే హద్దులు పంచుకున్న గండుపిల్లులుంటాయి. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి చేస్తే దానికి ఆ చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు.